తనవి కాని రెండు చేపలు

టొలీడో చుట్టుపక్కల తెలుగువాళ్ళలో వసుమతిని ఎరగని ఇల్లు లేదు. హాస్పిటల్ లాబ్‌లో పనిచేసే ఆవిడ అని కొందరికి తెలుసు. గాజు కంపెనీ ఇంజనీరు రామమోహనరావుగారి భార్య అని కొందరికి తెలుసు. మార్చి నెలాఖరు వచ్చిందంటే ఛాతీ దాకా రబ్బరు తొడుగు వేసుకుని, మామీ నదిలో మగవాళ్ళ వరుస మధ్య నిలబడి చేపలు పట్టే మనిషని మాత్రం అందరికీ తెలుసు. ఈ మూడో సంగతి చెప్పేటప్పుడు ఆడవాళ్ళు కాస్త గొంతు తగ్గించేవాళ్ళు, ఆమెకేదో జబ్బు ఉన్నట్టు.

ఆమె పుట్టి పెరిగింది యానాం దగ్గర. తండ్రి హెడ్మాస్టరు. ఇంట్లో రోజూ గోదావరి చేప ఉండేది కాని, ఆడపిల్ల గాలం పట్టడమన్న మాటే లేదు. గుమ్మంలోకి వచ్చిన తట్టలోంచి మొప్ప ఎత్తి చూసి, ఎరుపు తగ్గిందని వంకపెట్టి, బేరమాడి కొనడం వరకే ఆడవాళ్ళ వంతు. పెళ్ళయి డెబ్బై ఒకటిలో టొలీడో వచ్చాక ఆ వంతు కూడా పోయింది. సూపర్‌మార్కెట్లో గడ్డకట్టిన పెట్టెల్లో, రొట్టెపొడి పూసిన పలకలు దొరికేవి. వాటికి తల లేదు, తోక లేదు, వాసన లేదు. వాటిని చేప అని పిలవడం చేపకే అవమానమని ఆమె అభిప్రాయం.

డెబ్బై తొమ్మిది వసంతంలో వాండా ఒక పొట్లం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. వాండా ఆ హాస్పిటల్‌లోనే రోగుల దగ్గర రక్తం తీసే ఉద్యోగి, పోలిష్ కుటుంబం, భర్త పోయి రెండేళ్ళయింది. ఈస్టరు ముందు శుక్రవారాలు వాళ్ళు మాంసం ముట్టరు, చేప తింటారు. న్యూస్‌పేపరు విప్పితే లోపల మూరెడు చేప. వీపు ముదురు ఆకుపచ్చ, పక్కలు బంగారు రంగు, కళ్ళు మాత్రం పాలు పోసినట్టు తెల్లగా మెరుస్తున్నాయి.

"దీన్ని వాలై అంటారు," అంది వాండా.

వసుమతికి చిన్నప్పుడు తిన్న వాలుగ గుర్తొచ్చింది. దానికీ దీనికీ పోలికే లేదు. అయినా ఆ రాత్రి చింతపండు పులుసు పెట్టి, మెంతిపొడి వేసి, ముక్క నోట్లో పెట్టుకుని, వెంటనే ఇంకోటి వేసుకుంది. మర్నాడు పొద్దున్నే వాండాని కారిడార్‌లో పట్టుకుంది.

"ఎక్కడ కొన్నావు?"

"కొనడమేమిటి? నదిలో పట్టాను. మీ ఇంటికి పది నిమిషాలు."

వసుమతికి సంతోషం రావాలి. ఒళ్ళు మండింది. ఎనిమిదేళ్ళుగా ఈ నది మీది వంతెన దాటి ఉద్యోగానికి వెళ్తోంది. మంచు కరగగానే ఈరీ సరస్సులోంచి లక్షల చేపలు ఈ నదిలోకి ఎదురెక్కి వచ్చి, గులకరాళ్ళ మీద గుడ్లు పెట్టి పోతాయని ఒక్కరంటే ఒక్కరు ఆమెకు చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు. చీరలు కట్టుకునే మనిషికి నదితో ఏం పని అనుకున్నారు కాబోలు!

ఆ శనివారమే వాండా ఆమెను తీసుకెళ్ళింది. పోయిన భర్త ఫిషింగ్ రాడ్ ఆమె చేతికిచ్చింది. నీళ్ళు రబ్బరు తొడుగులోంచి కూడా ఎముకలు కొరికేవి. నడుం లోతులో, నున్నటి రాళ్ళ మీద, భుజానికి భుజం రాసుకునేట్టు మనుషులు. సీసపు తల ఉన్న గాలాన్ని ప్రవాహానికి అడ్డంగా విసరాలి. అది అడుగున రాళ్ళను తాకుతూ కిందికి కొట్టుకుపోతుంటే వేళ్ళతో వినాలి. రాయి తగిలితే ఒక రకం. చేప నోరు మూస్తే ఇంకో రకం. ఆ తేడా తెలియడానికి వసుమతికి ఒక వసంతమంతా పట్టింది. తెలిసిన తర్వాత ఏ వసంతంలోనూ ఆమెను ఎవరూ ఇంట్లో కూర్చోబెట్టలేకపోయారు.

రామమోహనరావు ప్రయత్నించాడు.

"మా డైరెక్టర్ కూడా అక్కడికి వస్తాడు వసూ. నిన్ను చూస్తే ఏమనుకుంటాడు?"

"చేపలు పడుతున్నాననుకుంటాడు."

"అది కాదు. మనకంటూ ఒక స్టేటస్ ఉంది."

"ఆయనకి లేదా? ఆయనా నీళ్ళలోనే కదండీ నిలబడతాడు?"

ఆయన పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పులుసు మాత్రం రెండుసార్లు వడ్డించుకునేవాడు.

ఆ నదికి ఒక నియమం ఉంది. వాండా మొదటిరోజే చెప్పింది. గాలం చేప నోటికి పడితేనే అది నీది. వీపుకో పక్కకో గుచ్చుకుంటే, ఎంత పెద్దదైనా, ఆ నిమిషంలోనే నీళ్ళలోకి వదిలెయ్యాలి. చేపలు అంత కిక్కిరిసి వచ్చే రోజుల్లో గాలాన్ని గట్టిగా ఈడిస్తే ఏదో ఒకదాని ఒంట్లో దిగబడక మానదు. అలా ఈడ్చేవాళ్ళు ఉన్నారు. గుడ్లు పెట్టడానికి అంత దూరం ఎదురీది వచ్చిన చేప పొట్ట చీలిపోతుంది. వసుమతికి ఇది నచ్చిన నియమం. ఒకసారి చేతినిండా బరువున్న ఆడచేప తోకకు గాలం గుచ్చుకుని వచ్చింది. పక్కవాళ్ళంతా "ఎవరు చూస్తారు, ఉంచేసుకో" అన్నారు. ఆమె వదిలేసింది. ఆరోజు ఎర్ల్ అనే రిటైరైన రైల్వే ఉద్యోగి టోపీ తీసి ఆమెకు సలాం చేశాడు. అప్పట్నించి ఎప్పుడు కనిపించినా "మార్నింగ్, లేడీ" అనేవాడు. ఆమె ఆయనకు ఉప్పు, కారం పట్టించి వేయించిన చేపముక్కలు పేపర్ టవల్‌లో చుట్టి ఇచ్చేది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ తిని, మళ్ళీ అడిగేవాడు.

ఎనభై నాలుగు ఏప్రిల్లో ఒక శనివారం పొద్దున ఆమె పక్కన డ్వేన్ అనే మనిషి నిలబడ్డాడు. భారీ మనిషి, ఎర్రటోపీ. అతను గాలం విసరడం లేదు, కొడవలి తిప్పుతున్నాడు. విసరడం, రాడ్‌ని భుజం వెనక్కి ఈడ్చడం, మళ్ళీ విసరడం. నడుముకు కట్టుకున్న తాడుకు అప్పటికే రెండు చేపలు వేలాడుతున్నాయి. రెండింటి పక్కలూ చీలి, లోపలి తెల్లటి కండ కనిపిస్తోంది.

వసుమతి కొంతసేపు ఓర్చుకుంది. తర్వాత ఓర్చుకోలేదు.

"ఆ చేపలు వదిలెయ్యాలి. నోటికి పడలేదు," అంది ఇంగ్లీషులో.

డ్వేన్ ఆమె వైపు చూడకుండానే అన్నాడు. "ఇది మీ దేశం నది కాదు, లేడీ."

"మీ నది అయితే మీకే ఎక్కువ తెలియాలి కదా రూలు!"

వరుసలో ఒకరిద్దరు నవ్వారు. డ్వేన్ మెడ ఎర్రబడింది.

వసుమతి తన చేపల్ని నడుముకు కట్టుకునేది కాదు. స్ట్రింగర్ అనే పొడుగాటి తాడుకు గుచ్చి, ఒడ్డు పక్కన విల్లో చెట్టు వేరుకు కట్టి, నీళ్ళలోనే వదిలేది. ఇంటికెళ్ళేదాకా బతికే ఉండేవి. ఆరోజు మూడు పడ్డాయి, మూడూ నోటికే. వేళ్ళు కొంకర్లు పోతుంటే వాండా "పద, కారులో కాఫీ ఉంది" అంది. ఇద్దరూ ఒడ్డెక్కి పార్కింగ్ లాట్‌కి వెళ్ళారు. కాఫీ తాగి, వేళ్ళు కాచుకుని తిరిగి వచ్చేసరికి విల్లో చెట్టు దగ్గర, చేపలవేట రూల్స్ చూసే గేమ్ వార్డెన్ నిలబడి ఉన్నాడు. బూడిదరంగు యూనిఫాం, కుర్రవాడు. అతని చేతిలో వసుమతి తాడు. తాడుకు ఐదు చేపలు.

"ఇది ఎవరిది?"

"నాది," అంది వసుమతి. అన్నాకే చూసింది. చివర రెండు చేపలు, పక్కలు చీలినవి. "ఆ రెండూ నావి కావు."

"మీ తాడుకే ఉన్నాయి, మామ్."

ఆమె నదివైపు తిరిగింది. డ్వేన్ నడుముకున్న తాడు ఖాళీగా, తడిసి, వేలాడుతోంది. అతను గాలం చాలా మర్యాదగా, మెల్లగా విసురుతున్నాడు.

"ఇందాక అతని తాడుకు రెండు చేపలున్నాయి. ఇప్పుడు లేవు. అడగండి అతన్ని!"

"నేనూ చూశాను," అంది వాండా. "అవి అతనివే."

"మీరు కల్పించుకోకండి, మామ్." వార్డెన్ గొంతు పెంచి డ్వేన్‌ని అడిగాడు. "ఏమైనా పడ్డాయా?"

"ఈ పొద్దున అదృష్టం లేదు, ఆఫీసర్," అన్నాడు డ్వేన్. అక్కడితో ఆగలేదు. "ఈ మనుషులకి రూల్స్ తెలియవు. ఏది దొరికితే అది తినేస్తారు. వాళ్ళని తప్పుపట్టి లాభం లేదు."

ఎంత దయ! వసుమతికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ వరుసలో ఎంతమంది లేరు! డ్వేన్ ఒడ్డుకు వచ్చి, ఆమె తాడు ఎత్తి, తన చేపలు గుచ్చి, మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళడం వాళ్ళ కళ్ళ ముందే జరిగింది. చూడకపోవడానికి అదేమైనా చీకటా? ఒక్కొక్కరి మొహం వైపూ చూసింది. ఒకడు నీళ్ళు చూస్తున్నాడు. ఒకడు సిగరెట్ వెలిగించుకుంటున్నాడు. ఎర్ల్ విల్లో చెట్టుకు అందరికన్నా దగ్గరగా నిలబడి ఉన్నాడు. తలవంచుకుని తన రీల్ మీద ఏదో ముడి విప్పుతున్నాడు. అక్కడ ముడేమీ లేదని ఆమెకు ఇక్కడినుంచే తెలుస్తోంది.

వార్డెన్ టికెట్ రాశాడు. ఐదు చేపలూ తీసుకున్నాడు. సాక్ష్యం కింద ఫిషింగ్ రాడ్ కూడా తీసుకున్నాడు. అది పోయిన తన భర్తదని వాండా చెప్పినా వినలేదు. ట్రక్కు వెళ్ళిపోయాక వాండా బండరాయి మీద కూలబడి ఏడ్చింది. వసుమతి ఏడవలేదు. ఆమెకు ఏడుపు వచ్చే కోపం కాదు అది.

ఇంటికి రాగానే రామమోహనరావు టికెట్‌ని రెండుసార్లు చదివి, సోఫాలో కూర్చుని నుదురు రుద్దుకున్నాడు.

"ఫైన్ పంపించేస్తే అయిపోతుంది. కోర్టుకి కూడా వెళ్ళక్కర్లేదు. ఇక్కడ సంతకం పెట్టు చాలు."

"సంతకం పెడితే ఏం ఒప్పుకున్నట్టు?"

"ఏమీ లేదు. జస్ట్ ఫార్మాలిటీ."

"గిల్టీ అని ఉందండీ అక్కడ. నాకు చదవడం వచ్చు."

"వసూ, సిటిజన్‌షిప్‌కి అప్లై చేసి ఉన్నాం. సమ్మర్‌లో ఇంటర్వ్యూ. ఈ టైములో కోర్టులూ గొడవలూ ఎందుకు? క్వైట్‌గా క్లోజ్ చేసుకుందాం."

"ఇంటర్వ్యూలో అడుగుతారు కదా, ఎప్పుడైనా తప్పు చేసి పట్టుబడ్డారా అని. అప్పుడేం చెప్పమంటారు? చేపల దొంగనని చెప్పనా? నేను ఆ చేపల్ని ముట్టుకోలేదు!"

తొమ్మిదో క్లాసు చదివే కూతురు రేణు మెట్ల మీద నిలబడి అంతా వింది. "డాడీ, అమ్మ చెయ్యలేదు కదా. దెన్ వై షుడ్ షి పే?" అంది. "నువ్వు వెళ్ళి హోమ్‌వర్క్ చేసుకో," అన్నాడు తండ్రి. ఆ ఇంట్లో ఆరోజు కూతురు అన్నదానికన్నా తెలివైన మాట ఎవరూ అనలేదని వసుమతి అనుకుంది.

మరుసటి ఆదివారం తెలుగు అసోసియేషన్ ఉగాది. హైస్కూలు కెఫెటేరియా అద్దెకు తీసుకున్నారు. అది రక్తాక్షి నామ సంవత్సరం. స్టేజి మీద పంచాంగం చదువుతుంటే, ఈ ఏడాది పేరైనా తనకు సరిగ్గా సరిపోయిందనుకుంది వసుమతి. పులిహోర ట్రే మోసుకుని వంటగదిలోకి వెళ్తుంటే లోపల్నుంచి రాధారాణి గొంతు వినిపించింది. రాధారాణి అసోసియేషన్ ప్రెసిడెంటు డాక్టర్ శ్యామ్‌సుందర్ భార్య.

"పోలీసులు పట్టుకున్నారట పాపం. పక్కవాళ్ళ చేపలు ఎత్తుకొచ్చిందట. నిజమో అబద్ధమో మనకెందుకు గాని..."

వసుమతి ట్రే బల్ల మీద పెట్టింది.

"మనకెందుకు అనుకుంటే చెప్పడం ఎందుకండీ, రాధారాణిగారూ? పక్కవాళ్ళ చేపలు నేను తెచ్చుకోలేదు. పక్కవాడు తెచ్చి నా తాడుకు కట్టాడు. ఈ రెండూ ఒకటేనా?"

"అయ్యో, నేనేదో విన్నది..."

శ్యామ్‌సుందర్ లోపలికి వచ్చాడు. అందరికీ నచ్చజెప్పి పంపే మనిషి. ఆమెను పక్కకు పిలిచి మెత్తగా మాట్లాడాడు.

"అమ్మా, మీ ఫీలింగ్స్ నాకు అర్థమయ్యాయి. కాని మనం ఇక్కడ చాలా తక్కువమంది. ఒకరి పేరు పేపర్లో పడితే మన కమ్యూనిటీ అంతటికీ చెడ్డపేరు. కాస్త సర్దుకుపోవాలి."

"ఎవరితో సర్దుకుపోవాలి డాక్టరుగారూ? నా మీద అబద్ధం చెప్పినవాడితోనా? మీ క్లినిక్‌లో ఇంకొకరు చేసిన తప్పు మీ మీద పెడితే సర్దుకుపోతారా?"

"అది వేరు. అది నా ప్రొఫెషన్."

"ఇది నా ఒంటి మీద పడ్డ మాట. అంతకన్నా దగ్గరిదేముంటుంది?"

ఆరోజు ఆమె ఉగాది పచ్చడి తినకుండానే ఇంటికొచ్చేసింది. మర్యాదస్తులంతా కలిసి ఆమెకు నేర్పుతున్న పాఠం ఒక్కటే. నోరుమూసుకోవడం. నదిలో ఉన్నవాళ్ళకూ ఇక్కడున్నవాళ్ళకూ భాషలోనే తేడా.

ఆ తర్వాతి శనివారం ఆమె మళ్ళీ నదికి వెళ్ళింది. చేపలు పట్టడానికి కాదు. రబ్బరు తొడుగు వేసుకుని, ఉత్త చేతులతో నీళ్ళలోకి దిగి, వరుస పొడుగునా ఒక్కొక్కరి ముందూ ఆగింది. "ఆరోజు మీరిక్కడున్నారు. ఏం జరిగిందో చూశారు. కోర్టులో చెప్తారా?" గాలాలు చిక్కుపడుతున్నాయని కొందరు విసుక్కున్నారు. ఒకడు తను ఆరోజు రాలేదన్నాడు. ఆరోజు ఆమె దగ్గర లైటర్ అడిగి లేదనిపించుకున్నవాడే! డ్వేన్ కనిపించలేదు. చివర ఎర్ల్ ఉన్నాడు.

"మార్నింగ్, లేడీ."

"మీరు చెట్టు పక్కనే ఉన్నారు, ఎర్ల్."

ఆయన రీల్ తిప్పడం ఆపాడు. "నేను ముసలివాణ్ణి. ఈ కుర్రాళ్ళతో కలిసి ఏటా ఇక్కడ నిలబడాలి. డ్వేన్ తమ్ముడు మా వీధిలోనే ఉంటాడు. నన్ను ఇందులోకి లాగకు."

"అయితే చూశారన్న మాట!"

ఎర్ల్ మళ్ళీ రీల్ తిప్పసాగాడు.

"ఐదేళ్ళుగా నా చేతి చేప తిన్నారు. ఒక్క మాట అడుగుతున్నాను. నిజమైన మాటే."

"సారీ, లేడీ," అని ఆయన మెల్లగా పది అడుగులు అవతలికి జరిగి నిలబడ్డాడు. ఆ పది అడుగులూ వసుమతికి డ్వేన్ చేసినదానికన్నా ఎక్కువ మండాయి. డ్వేన్ చెడ్డవాడు. చెడ్డవాడు చేసే పనే చేశాడు. మరి ఈయన?

మే నెలలో కోర్టు. చిన్న హాలు, ఎక్కువగా ట్రాఫిక్ కేసులు. రామమోహనరావు ఆఫీసులో మీటింగ్ ఉందని రాలేదు. వాండా సెలవు పెట్టుకుని, చర్చికి వేసుకునే నీలం కోటు వేసుకుని వచ్చింది. లాయరు లేడు. వసుమతి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. ప్యాంటు వేసుకుని వెళ్తే బాగుంటుందని భర్త చెప్పినందుకే కట్టుకుంది.

వార్డెన్ తను చూసినదంతా చెప్పాడు. ఆమె ఏమైనా అడగాలనుకుంటే అడగొచ్చని జడ్జి అన్నాడు. వసుమతి లేచి నిలబడింది.

"ఆ రెండు చేపల్ని నేను పట్టడం మీరు చూశారా?"

"లేదు."

"నేను తాడుకు గుచ్చడం చూశారా?"

"లేదు, మామ్. మీ తాడుకే ఉన్నాయి."

"మీరు వచ్చేసరికి నేను అక్కడ ఉన్నానా?"

"లేరు."

"అతను అక్కడే ఉన్నాడు. అతని తాడు దగ్గరికి వెళ్ళి చూశారా? దానికి రక్తం ఉందా, పొలుసులు ఉన్నాయా?"

"చూడలేదు."

"ఎందుకు చూడలేదు?"

"తనకేమీ పడలేదని అతను చెప్పాడు."

"అవి నావి కావని నేను కూడా చెప్పాను. అతని మాట నమ్మారు. నా మాట నమ్మలేదు. ఎందుకు?"

వార్డెన్ నోరు తెరిచాడు, మూశాడు. బల్ల మీది కాగితం వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. జడ్జి కళ్ళజోడు మీంచి అతన్ని చూస్తూ ఎదురుచూశాడు. ఆ ప్రశ్నకు జవాబేమిటో ఆ హాల్లో ఉన్న అందరికీ తెలుసు. పైకి అనడానికే ఎవరికీ నోరు రాలేదు.

తర్వాత వాండా మాట్లాడింది. కాఫీకి వెళ్ళేముందు స్ట్రింగర్‌కి మూడే చేపలున్నాయని, ఎర్రటోపీ మనిషి తాడుకు పక్కలు చీలిన చేపలు రెండు ఉన్నాయని చెప్పింది. "గాలం ఒంటికి గుచ్చుకున్న చేపల్ని ఈమె వదిలేస్తుంటే ఎన్నిసార్లో చూశాను, యువర్ ఆనర్. మా ఆయన కూడా అంత నిజాయితీగా ఉండేవాడు కాదు, దేవుడు క్షమించుగాక," అంది. హాల్లో నవ్వులు వినిపించాయి. జడ్జి కూడా నవ్వాపుకుంటూ పెదవులు బిగించాడు.

నేరం రుజువు కాలేదు, కేసు కొట్టేస్తున్నానన్నాడు. రాడ్ తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. తరువాతి కేసు పేరు పిలిచారు.

వసుమతి కదల్లేదు. "మరి ఆ చేపలు ఎవరివి?"

"అది ఈ కోర్టు ముందున్న విషయం కాదు, మామ్. మీరు వెళ్ళొచ్చు."

మీరు వెళ్ళొచ్చు! అంతే! పొరపాటైందన్న మాట లేదు. వార్డెన్ తలుపు దగ్గర పక్కకు తప్పుకుని దారిచ్చాడు, అదే క్షమాపణ అనుకున్నాడేమో. ఆఫీసులో రాడ్ ఇచ్చారు. దాని కొసన దారం దూరే చిన్న రింగు విరిగిపోయి ఉంది. చేపల సంగతి అడిగితే ఎవరికీ తెలియదన్నారు. వాండా రింగు విరిగిన చోట వేలితో తడిమి, "అతికించుకోవచ్చులే," అంది. కారు దాకా ఇద్దరూ చేతులు పట్టుకుని నడిచారు.

జులైలో సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ జరిగింది. అరెస్టులు, కేసులు ఏమైనా ఉన్నాయా అని ఆఫీసరు అడిగాడు. కేసు డిస్మిస్ అయిందని ఒక్క ముక్క చెప్పి ఊరుకోమని రామమోహనరావు కారులో దారిపొడుగునా చెప్పాడు. వసుమతి విల్లో చెట్టు దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పింది. ఆఫీసరు ఒకసారి గడియారం చూసుకున్నాడు. అయినా ఆపలేదు. అంతా విని, ఏదో రాసుకుని, అమెరికా దేశం ఏర్పడ్డప్పుడు ఎన్ని రాష్ట్రాలుండేవని అడిగాడు. అందులో ఆమె తప్పలేదు.

ఆ వేసవిలోనే శ్యామ్‌సుందర్ ఇంట్లో డిన్నర్ జరిగింది. డ్రింకు గ్లాసు చేతిలో పట్టుకుని రామమోహనరావు మగవాళ్ళ మధ్య నిలబడి చెబుతున్నాడు. "లాయర్ లేడు, ఎవరూ లేరు. వార్డెన్‌ని క్రాస్ ఎగ్జామిన్ చేసేసింది! నేను ముందే చెప్పాను, మనం ఫైట్ చెయ్యాలి అని..."

"బాగుందండీ, లక్కీగా బయటపడ్డారు," అంది రాధారాణి.

వసుమతి పళ్ళెం కింద పెట్టింది.

"లక్కీగా కాదు. చెయ్యలేదు కాబట్టి బయటపడ్డాను." భర్త వైపు తిరిగింది. "మీరు ఫైట్ చెయ్యమన్లేదు. సంతకం పెట్టమన్నారు. కోర్టుకి రాలేదు కూడా. నా పక్కన నిలబడింది వాండా. ఆ సంగతి కూడా చెప్పండి అందరికీ."

ఎవరో పెరుగన్నం గురించి అడిగారు. తిరిగి వస్తుంటే కారులో చాలాసేపటికి రామమోహనరావు అన్నాడు.

"నేను రావలసింది."

"అవును," అంది వసుమతి.

ఆయన ఇంకేమైనా అంటుందేమోనని చూశాడు. ఆ మాటను తేలిక చెయ్యాలని ఆమెకు అనిపించలేదు.

ఎనభై ఐదు మార్చిలో మంచు తొందరగా విడిపోయింది. ఇక వసుమతి ఆ నది మొహం చూడదని అసోసియేషన్‌లో చాలామంది అనుకున్నారు. ఎందుకు చూడకూడదు? నది ఆమెకేం చేసింది? మొదటి శనివారం పొద్దున్నే వాండాతో కలిసి దిగింది. వరుసలో ఎర్రటోపీ కనిపించింది. అతనికి దూరంగా చోటు ఉంది. ఆమె నేరుగా వెళ్ళి అతని పక్కనే నిలబడింది. డ్వేన్ ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. కాసేపు బుద్ధిగా విసిరాడు. చేపలు బాగా వస్తున్నాయి, అటూ ఇటూ అందరికీ పడుతున్నాయి. ఓర్చుకోవడం అతనివల్ల కాలేదు. రాడ్‌ని భుజం వెనక్కి ఈడ్చాడు. పెద్ద ఆడచేప, పొట్టలో గాలం దిగి, అడ్డంగా నీళ్ళమీదికి వచ్చింది. గుడ్లు పసుపుగా ప్రవాహంలో కారుతున్నాయి.

"పొట్టకి గుచ్చాడు!" అని వసుమతి అరిచింది. తెలుగులోనే అరిచింది. తర్వాత ఇంగ్లీషులో అరిచింది. "నోటికి కాదు, పొట్టకి! అందరూ చూడండి! వదులు దాన్ని!"

వరుస పొడుగునా తలలు తిరిగాయి. అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళు కూడా గాలాలు ఆపి చూశారు. డ్వేన్ చేపను చేతిలో పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు. "నోర్మూసుకో, ఆడమనిషీ," అన్నాడు.

"మూసుకోను! వదులు!"

అప్పుడు కింది వైపునుంచి ఒక ముసలి గొంతు వచ్చింది. "ఆమె చెప్పింది నిజమే, డ్వేన్. నేను చూశాను. వదిలెయ్యి దాన్ని."

ఎర్ల్. ఆయన వెనక ఇంకెవరో అవునన్నారు. ఇంకొకరు ఈల వేశారు. డ్వేన్ గాలం పీకి చేపను నీళ్ళలోకి విసిరేశాడు. ఒడ్డెక్కి, బూట్లు టపటపలాడించుకుంటూ, తన ట్రక్కు వైపు వెళ్ళిపోయాడు. ఆ చేప బతికిందో లేదో తెలియదు. కాసేపు పక్కకు ఒరిగి తేలి, తర్వాత కనిపించలేదు.

ఎర్ల్ టోపీ తీశాడు. "మార్నింగ్, లేడీ."

వసుమతి ఆయన వైపు చూడలేదు. ఆ మాట పోయిన ఏప్రిల్లో రావలసింది, విల్లో చెట్టు దగ్గర, అది ఆమెకు కావలసిన రోజున. ఆమె గాలం సరిచేసుకుని, ప్రవాహానికి అడ్డంగా విసిరి, దారం మీద వేలు పెట్టుకుని నిలబడింది.